కీమో, రేడియేషన్ అయ్యాక మా నాయనకు పాంక్రియాస్ ఆపరేషన్ చేద్దామంటున్నారు, ఒప్పుకోవాలా?

హాలియా బిడ్డ:

అందరికీ నమస్తే. మాది హాలియా దగ్గర పల్లెటూరు. మా నాయనకు 59 ఏళ్లు, నాలుగెకరాల బత్తాయి తోట ఉంది, సాగర్ కాల్వ కింద కొంచెం పొలం ఉంది. పోయిన వానాకాలం నాట్లప్పుడు కళ్లు పచ్చబడ్డాయి, ఒళ్లంతా ఒకటే దురద, రాత్రంతా గోక్కునేవాడు. ఊర్లో అందరూ పసిరికలు అన్నారు, పసరు మందు తాగించాం, పథ్యం పెట్టించాం, అట్లా మూడు వారాలు పోయాయి, ఆ మూడు వారాలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. తర్వాత నల్లగొండలో స్కానింగ్ తీస్తే పైత్యపు గొట్టం మూసుకుపోయింది, పాంక్రియాస్ (క్లోమం) దగ్గర గడ్డ ఉంది, వెంటనే హైదరాబాద్ పొమ్మన్నారు.

ఇక్కడ పైత్యపు గొట్టం తెరుచుకోవడానికి స్టెంట్ అనే చిన్న గొట్టం వేశారు, ముక్క పరీక్ష చేశారు, క్యాన్సర్ అని తేలింది. గడ్డ 4 సెంటీమీటర్లు, పాంక్రియాస్ తల భాగంలో ఉంది. లివర్‌కు, ఊపిరితిత్తులకు పాకలేదు కానీ పేగులకు రక్తం తీసుకుపోయే పెద్ద ధమనిని సగానికి పైగా చుట్టుకుంది, అందుకే ఇప్పుడు కోయలేం, ముందు కీమో అన్నారు. రెండు వారాలకు ఒకసారి చొప్పున 8 సార్లు ఇచ్చారు, ప్రతిసారీ 46 గంటలు మందు ఎక్కించే పంపు పెట్టుకుని ఉండాలి. ఎండాకాలంలో కూడా కుండ నీళ్లు తప్ప తాగని మనిషి, చల్లటి నీళ్లు ముట్టుకుంటే వేళ్లు షాక్ కొట్టినట్టు ఉంటున్నాయని వేడి నీళ్లే తాగాడు. తర్వాత 28 రోజులు రేడియేషన్, దాంతో పాటు మాత్రలు. 74 కిలోల మనిషి 58కి వచ్చాడు.

ఇప్పుడు రేడియేషన్ అయిపోయి నాలుగు వారాలు. సీఏ 19-9 అనే, ఈ క్యాన్సర్ పెరుగుదల తెలిపే రక్తపరీక్ష మొదట 860 ఉండేది, ఇప్పుడు 41. స్కాన్‌లో గడ్డ 2.8కి తగ్గింది కానీ రిపోర్టులో మాత్రం ధమని చుట్టూ ముందున్నట్టే ఉందని రాశారు. ఒక సర్జన్ ఆ రిపోర్టు చూసి ఇది చేతకాని పని, కీమోనే సాగించండి అన్నాడు. ఇంకొకాయన లోపల కెమెరాతో చూసి, వీలైతే తీసేద్దాం, లేకపోతే మూసేద్దాం అంటున్నాడు. ఒకే సీడీ చూసి ఇద్దరు పెద్ద డాక్టర్లు రెండు మాటలు ఎట్లా చెప్తారు? తమ్ముడు ఇంత బతికించుకుని ఇప్పుడు టేబుల్ మీద పోగొట్టుకుంటామా అని ఏడుస్తున్నాడు. అమ్మ నువ్వే చదువుకున్నదానివి, నువ్వే చెప్పు అంటది. నాకు టెన్షన్‌తో తల పని చేయడం లేదు.

ఇంకో మాట. నాయనకు క్యాన్సర్ అని చెప్పలేదు. పేగుకు పుండు పడింది, దానికే ఈ మందులు అని చెప్పాం.

ఎవరింట్లోనైనా ఇట్లా కీమో, రేడియేషన్ తర్వాత ఆపరేషన్ అయిన వాళ్లుంటే దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ధైర్యం కోసం చెప్పే మాటలు వద్దు.

నాగర్‌కర్నూల్ డాక్టర్:

అమ్మా, నేను క్యాన్సర్ సర్జరీ విభాగంలో పని చేస్తాను. మీ నాయన ఫిల్మ్‌లు చూడలేదు కాబట్టి చేయించండి, వద్దు అని నేను చెప్పకూడదు, కానీ ఇద్దరు డాక్టర్లు రెండు మాటలు ఎందుకు చెప్పారో చెప్పగలను.

మీరు చెప్పిన ధమనిని మేం ఎస్ఎంఏ అంటాం. గడ్డ దాన్ని 180 డిగ్రీల కంటే ఎక్కువ చుట్టుకుంటే మొదట్లోనే కోయకూడదు అనేది అందరూ ఒప్పుకున్న మాట. చిక్కు వచ్చేది కీమో, రేడియేషన్ తర్వాత. తోట కంచెకు అల్లుకున్న తీగ ఎండిపోయినా కంచెను వదలదు కదా, దూరం నుంచి చూసేవాడికి అది పచ్చిదో ఎండిందో తెలియదు. ఇదీ అంతే. క్యాన్సర్ కణాలు చచ్చిపోయినా అక్కడ మచ్చ కట్టిన గట్టి కణజాలం మిగులుతుంది, సీటీ స్కాన్‌లో రెండూ ఒకేలా కనబడతాయి. అందుకే 'ముందున్నట్టే ఉంది' అని రాసిన రిపోర్టు ఒక్కటే పట్టుకుని వద్దనడం ఇప్పుడు చాలా పెద్ద సెంటర్లలో మానేశారు. గడ్డ పెరగకపోవడం, కొత్త చోటికి పాకకపోవడం, సీఏ 19-9 బాగా పడిపోవడం, మనిషి నడిచి తిరగగలగడం, ఇవన్నీ కలిపి చూస్తారు. 860 నుంచి 41 అంటే మంచి తగ్గుదలే, మామూలు హద్దు 37. అయితే ఒకటి చూడండి, పసిరికలు ఉన్నప్పుడు ఈ నంబరు ఉత్తగానే పెరుగుతుంది, కాబట్టి మొదటి 860 స్టెంట్ వేయకముందు తీసిందా, పసిరికలు తగ్గాక తీసిందా అని పాత కాగితాల్లో తేదీ చూడండి. ఎక్కడి నుంచి పడిందనేది దాన్ని బట్టే తెలుస్తుంది.

ఇక ఆపరేషన్ సంగతి. దీన్ని విప్పుల్ ఆపరేషన్ అంటారు, అలెన్ విప్పుల్ అనే అమెరికా సర్జన్ 1935లో వివరంగా రాశాడు కాబట్టి ఆ పేరు. పాంక్రియాస్ తల, చిన్నపేగు మొదటి భాగం, గాల్‌బ్లాడర్, పైత్యపు గొట్టంలో కొంత, ఒక్కోసారి జీర్ణాశయం చివర కొంత, ఇవన్నీ ఒకటిగా తీసేసి, మిగిలిన పాంక్రియాస్‌ను, పైత్యపు గొట్టాన్ని, జీర్ణాశయాన్ని మళ్లీ పేగుకు అతుకుతారు. మామూలు కేసులోనే ఆరేడు గంటలు పడుతుంది, మీ నాయనలాంటి కేసులో ఇంకా ఎక్కువ. అక్కడ పక్కనే ఉండే పెద్ద సిరలో కొంత ముక్క కోసి మళ్లీ కలపడం అనుభవం ఉన్న చోట చేస్తూనే ఉంటారు. ధమనిని కోసి అతకడం మాత్రం వేరే సంగతి, ప్రమాదం బాగా పెరుగుతుంది, దానికి తొందరగా ఎవరూ ఒప్పుకోరు. చాలామంది చేసేది ఏంటంటే ధమని చుట్టూ ఉన్న కణజాలం కొంచెం తీసి అక్కడికక్కడే ల్యాబుకు పంపి, బతికున్న క్యాన్సర్ లేదంటేనే ధమని మీది నుంచి దాన్ని ఒలిచేసి ముందుకు పోతారు, ఉందంటే అక్కడే ఆపుతారు. ఆ రెండో సర్జన్ ముందు కెమెరాతో చూస్తాను అన్నాడంటే పద్ధతి ప్రకారమే పోతున్నాడు, ఎందుకంటే లివర్ మీద, పొట్ట పొర మీద ఆవగింజంత చుక్కలుంటే స్కాన్‌కు దొరకవు, అవి కనబడితే పెద్ద కోత లేకుండానే వెనక్కి రావచ్చు.

మీరు ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కాబట్టి ఇది కూడా. ఇట్లా ముదిరిన స్థితిలో మీ నాయన తీసుకున్న రకం కీమో మొదలుపెట్టిన వాళ్లలో సుమారు నాలుగో వంతు మందే ఆపరేషన్ దాకా వచ్చారని 2016లో లాన్సెట్ ఆంకాలజీ పత్రికలో చాలా అధ్యయనాలు కలిపి లెక్కగట్టారు. మీ నాయన ఆ గడప దాకా వచ్చాడు. కానీ గడ్డ పూర్తిగా తీసేసినా చాలామందిలో తిరిగొస్తుంది, ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. ఆపరేషన్ అంటే జబ్బు పోయినట్టు అని ఎవరైనా చెప్తే నమ్మకండి.

వద్దని చెప్పిన సర్జన్‌ను తప్పు పట్టకండి. తన చేతికి అలవాటు లేని పనిని చేయనని చెప్పడం నిజాయితీ. ఈ ఆపరేషన్‌లో చేసే చోటును బట్టి ఫలితం మారుతుంది, ఏడాదికి పదుల సంఖ్యలో చేసే చోట ఆపరేషన్ వల్ల చనిపోయేవాళ్లు నూటికి ఐదుగురి లోపే, ఎప్పుడో ఒకటి చేసే చోట అంతకంటే చాలా ఎక్కువ. కాబట్టి రెండో సర్జన్‌ను మొహమాటం లేకుండా అడగండి: పోయిన ఏడాది మీ టీమ్ ఎన్ని విప్పుల్‌లు చేసింది, అందులో కీమో, రేడియేషన్ అయినవి ఎన్ని, సిర కోసి కలిపినవి ఎన్ని, ఎంతమంది ఇంటికి పోయారు. మంచి సర్జన్‌కు ఈ ప్రశ్నతో కోపం రాదు. మధ్యలో ఆపాల్సి వస్తే ఏం చేస్తారో కూడా ముందే అడగండి, నొప్పి తగ్గడానికి నరాల దగ్గర మందు వేస్తారా, పేగు మూసుకుపోకుండా బైపాస్ చేస్తారా అని.

ఇది నెలల తరబడి ఆలోచించే పని కాదు. రేడియేషన్ తర్వాత మామూలుగా 4 నుంచి 8 వారాల మధ్య చేస్తారు, ఇంకా ఆలస్యమైతే లోపల మచ్చ గట్టిపడి కోత కష్టమవుతుంది. ఈ లోపల బరువు పెంచండి, రోజూ నడిపించండి.

పాలమూరు అన్న:

చెల్లె, మా అమ్మకు అయింది. మహబూబ్‌నగర్ దగ్గర ఊరు మాది. అమ్మకు 12 కీమోలు, తర్వాత రేడియేషన్, తర్వాత ఆపరేషన్. సిర కొంచెం కోసి కలిపారు. పొద్దున 8 గంటలకు లోపలికి తీసుకుపోతే సాయంత్రం 6 దాటాక సర్జన్ బయటికొచ్చి తీసేశాం అన్నాడు, నేను ఆ కారిడార్‌లోనే కూలబడిపోయాను.

ఆపరేషన్ గురించి డాక్టర్ గారు చెప్పారు, నేను ఆ తర్వాతది చెప్తాను, ఎందుకంటే మాకు దాని గురించి ముందుగా ఎవరూ చెప్పలేదు. పొట్టలో రెండు డ్రెయిన్ పైపులు పెడతారు. వాటిలో వచ్చే నీళ్లను మూడో రోజు పరీక్షకు పంపుతారు, పాంక్రియాస్ అతుకు కారుతుందా లేదా అని. అందరూ భయపడేది ఆ కారడం గురించే. రేడియేషన్ అయిన వాళ్లకు పాంక్రియాస్ గట్టిపడి ఉంటుంది కాబట్టి కుట్టు బాగా నిలుస్తుంది, కారడం తక్కువ అని సర్జన్ అన్నాడు, అమ్మకు నిజంగానే కారలేదు. కానీ జీర్ణాశయం కదలలేదు. 11 రోజులు ఏం తాగినా వాంతే, ముక్కులో పైపు, పేగులోకి ఇంకో పైపు పెట్టి దాంట్లో పాల లాంటి ఆహారం పోశారు. ఆ 11 రోజుల్లో మేమంతా అయిపోయింది అనుకున్నాం. ఇది చాలామందికి జరుగుతుంది, దానంతటదే పోతుంది అని నర్సమ్మ రోజూ చెప్పేది. 12వ రోజు గంజి తాగింది. 19వ రోజు డిశ్చార్జి.

ఇంటికొచ్చాక తిండి తంటా. ఏం తిన్నా నూనె తేలిన విరేచనం, కడుపుబ్బరం, బరువు పెరగదు. మేం జొన్నరొట్టె పడట్లేదేమో అని మానిపించాం, పెరుగు మానిపించాం, అన్నీ మానిపించాం, ఆఖరికి తిండి అరగడానికి ఇచ్చిన ఎంజైమ్ గుళికలు తినకముందు వేస్తున్నామని, ఒక్కటే వేస్తున్నామని తెలిసింది. అవి మొదటి ముద్దతో పాటు వేయాలి, తిండి ఎక్కువైతే మధ్యలో ఇంకోటి. అప్పటి నుంచి కుదురుకుంది, ఇప్పుడు జొన్నరొట్టె కూడా తింటుంది, కాకపోతే ఒకేసారి కాకుండా రోజుకు ఆరుసార్లు కొంచెం కొంచెం. షుగర్ కొత్తగా వచ్చింది, ఇన్సులిన్ వేసుకుంటుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా పొట్టకు ఇంజెక్షన్లు నాలుగు వారాలు ఇంట్లో నేనే వేశాను.

రెండేళ్లు దాటింది. ప్రతి మూడు నెలల స్కాన్ ముందు రోజు అమ్మ ఎవరితో మాట్లాడదు. అంతే, రేపటి సంగతి నేను చెప్పలేను, ఇవాళ మాత్రం కళ్లాపి చల్లుతోంది.

మీ నాయన బరువు సంగతి చూడు. ఇప్పటి నుంచే గుడ్లు, పప్పు, పాలు, కొంచెం కొంచెంగా. పసరు మందు గురించి నిన్ను నువ్వు తిట్టుకోకు, మా జిల్లాలో పసిరికలంటే ఎవరైనా ముందు చేసేది అదే. కాకపోతే ఇది చదివే వాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి, యాభై దాటిన మనిషికి నొప్పి లేకుండా పసిరికలు వచ్చి, దురద పెట్టి, దొడ్డికి తెల్లగా పోతే అదే రోజు స్కానింగ్.

దేవరకొండ తమ్ముడు:

అక్కా, నేను చెప్పేది నీకు కష్టంగా ఉంటది, అయినా చెప్తా. మా పెదనాయనకు తెరిచి మూసేశారు.

హైదరాబాద్‌లోనే ఒక ఆసుపత్రిలో. పేరు వద్దు. కెమెరాతో ముందు చూడలేదు, నేరుగా పెద్ద కోత కోశారు, లివర్ మీద చుక్కలున్నాయని రెండు గంటల్లో బయటికి తెచ్చారు. ఆపాల్సి వస్తే ఏంటనేది మాకు ముందుగా ఒక్క మాట చెప్పలేదు, సంతకం పెట్టించుకున్న కాగితంలో ఉందంట. కోత మానడానికి నెల పట్టింది, ఆ నెల కీమో ఆగింది. తర్వాత ఐదు నెలలు ఉన్నాడు.

నాకు బాధ ఆపరేషన్ కానందుకు కాదు. పెదనాయనకు మేం కూడా మీలాగే చెప్పలేదు. గడ్డ తీసేశారు పెదనాయనా అని అబద్ధం చెప్పాం, ఆయన దాన్నే నమ్మి రోజురోజుకీ బాగవుతా అని చూస్తూ కూర్చున్నాడు. నొప్పి ఎక్కువైతే తీసేశాక ఇంకా నొప్పేంటి అని మమ్మల్నే అడిగేవాడు, మా దగ్గర జవాబు లేదు. బాంబేలో ఉన్న చిన్నకొడుకును పిలిపించమని ఒక్కసారి కూడా అడగలేదు, ఎందుకంటే తొందరేముంది అనుకున్నాడు. వాడు వచ్చేసరికి మాట పోయింది.

అక్కా, నువ్వు ఇక్కడ అంతమందిని అడిగావు. కోసేది మీ నాయన పొట్ట. ఆయన్ను అడిగావా?

హాలియా బిడ్డ:

తమ్ముడూ, నీ మాట చదివి బస్సులో ఏడ్చాను. చెప్తే తిండి మానేస్తాడు, తోటలోకి పోయి ఏమైనా చేసుకుంటాడేమో అని అమ్మకు భయం. మా ఊర్లో అట్లా జరిగింది కూడా. డాక్టర్ గారూ, చెప్పకుండా ఆపరేషన్ చేస్తారా అసలు?

నాగర్‌కర్నూల్ డాక్టర్:

చేయకూడదమ్మా. పెద్దమనిషి తెలివిలో ఉన్నప్పుడు ఆయన సంతకమే సంతకం, ఏ జబ్బుకు, ఏం తీస్తారు, ఏం కావచ్చు అని తెలిసి పెట్టాలి. ఇంట్లోవాళ్ల మాట విని సగం చెప్పి పని కానిచ్చేయడం మన దగ్గర ఉంది, కాదనను, కానీ ఆపరేషన్ తర్వాత లేచి నడవాల్సింది, నొప్పిలో దగ్గి కఫం తీయాల్సింది, ఇష్టం లేకపోయినా ఆరుసార్లు తినాల్సింది ఆయనే. ఎందుకో తెలియని మనిషి అవి చేయడు.

అమ్మ భయం నిజమైన భయమే. అందుకే ఒక్కదానివే చెప్పకు. సర్జన్‌ను గానీ కీమో డాక్టర్‌ను గానీ కూర్చోబెట్టి మాట్లాడమని అడుగు, ఆ తర్వాత రెండు మూడు రోజులు ఎవరో ఒకరు ఆయనతోనే ఉండండి. 'నాయనా, నీ జబ్బు గురించి నీకు ఏం అనిపిస్తోంది' అని మొదలుపెట్టు. నొప్పి, నిద్ర, దిగులు చూసుకోవడానికి రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో పాలియేటివ్ కేర్ విభాగం ఉంది, ఆఖరి రోజుల కోసమే అనుకోకండి, వైద్యం జరుగుతుండగా కూడా పోవచ్చు. ఇంకోటి, మీ తమ్ముడి కోసం, నీ కోసం. పాంక్రియాస్ క్యాన్సర్ వచ్చిన ప్రతి ఒక్కరికీ జన్యు పరీక్ష చేయించడం ఇప్పుడు మంచి పద్ధతి, బీఆర్‌సీఏ లాంటి జన్యువుల్లో లోపం దొరికితే ఆయన మందులూ మారొచ్చు, మీరూ జాగ్రత్త పడొచ్చు. చేశారో లేదో అడుగు.

మిర్యాలగూడ మిత్రుడు:

డబ్బు సంగతి ఎవరూ ఎత్తలేదు కాబట్టి ఒక మాట. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో అడగండి, 2023 డిసెంబర్ నుంచి హద్దు 10 లక్షలు చేశారు. కాకపోతే కీమోకు, రేడియేషన్‌కు వాడింది పోను ఎంత మిగిలింది, ఈ ఆపరేషన్ ఆ ఆసుపత్రిలో ఆ పథకం కింద చేస్తారా అని అడ్మిషన్‌కు ముందే తేల్చుకోవాలి, లోపలికి పోయాక కాదు. నిమ్స్‌లో అయితే ముఖ్యమంత్రి సహాయనిధి నుంచి ఎల్ఓసీ, అంటే ఖర్చు ప్రభుత్వం కడుతుందనే పత్రం, తెచ్చుకుంటారు, ఎస్టిమేట్ కాగితం తీసుకుని ఎమ్మెల్యే ఆఫీసులో ఇవ్వాలి. మా బావకు అట్లానే వచ్చింది. తోట మీద అప్పు తేకముందు ఈ రెండూ చూడండి.

హాలియా బిడ్డ:

తొమ్మిది రోజుల తర్వాత రాస్తున్నాను, ఏమీ అనుకోకండి.

నాయనకు చెప్పాం. సర్జన్ గారే చెప్పాడు, నేనూ తమ్ముడూ పక్కనే ఉన్నాం. చాలాసేపు ఏమీ అనలేదు. ఇంటికొచ్చాక మాత్రం మాతో మాట్లాడలేదు, రెండు రోజులు. జబ్బుకు కాదు, ఎనిమిది నెలలు తన ముందు నాటకం ఆడామని కోపం. 'నా పేరు మీద పాసుబుక్కు ఉంది, నా పేరు మీద అప్పుంది, నా జబ్బు మాత్రం మీ పేరు మీద పెట్టుకున్నారా' అన్నాడు అమ్మతో. మూడో రోజు పొద్దున తోటలోకి పోతే అమ్మ వెనకాలే పోయింది, చెట్ల మధ్య తిరిగి ఎండుకొమ్మలు చూపించి వీటిని కోయించాలి అన్నాడంట. ఆ మధ్యాహ్నం నన్ను పిలిచి ఆ సర్జన్ దగ్గరికి మళ్లీ తీసుకుపో అన్నాడు.

అక్కడ ఆయనే అడిగాడు. కెమెరాతో చూసి ఆపేస్తే ఎన్ని రోజులకు లేస్తాను, తీసేస్తే ఎన్ని నెలలకు తోట పని చేస్తాను, తీశాక మళ్లీ వస్తే అప్పుడు ఏం చేస్తారు. మేం రాసుకుపోయిన ప్రశ్నలకంటే అవే బాగున్నాయి. కెమెరాతోనే ఆగితే రెండు మూడు రోజుల్లో ఇంటికి, తీస్తే మూడు నెలలు బరువు ఎత్తొద్దు అని చెప్పాడు. మళ్లీ వస్తే మందులే తప్ప ఇంకోసారి కోత ఉండదు అని కూడా దాచకుండా చెప్పాడు. నాయన ఒక షరతు పెట్టాడు, ధమనిలో బతికున్న క్యాన్సర్ ఉందంటే దాన్ని కోసి అతికే పని పెట్టుకోవద్దు, మూసేయండి అని. సర్జన్ దాన్ని కేస్ షీట్‌లో రాశాడు. డాక్టర్ గారూ, పాత తేదీలు చూశాను, 860 స్టెంట్ వేశాక, పసిరికలు తగ్గాక తీసిందే. జన్యు పరీక్షకు రక్తం ఇచ్చాం.

బరువు 60 అయింది. గురువారం ఆపరేషన్, బుధవారం అడ్మిషన్. రక్తం ఇవ్వడానికి ఊరి నుంచి నలుగురు వస్తున్నారు. చిన్నాన్న తోట చూసుకుంటానన్నాడు, నాయన ఆయనకు ఏ చెట్టుకు ఎన్ని నీళ్లో చెప్పి మళ్లీ ఆయన నోటితో అప్పజెప్పించుకున్నాడు.

పాలమూరు అన్నా, ఐసీయూ బయట రాత్రిళ్లు పడుకోవడానికి అక్కడేమైనా ఇస్తారా, మేమే తెచ్చుకోవాలా?

పాలమూరు అన్న:

ఏమీ ఇవ్వరు చెల్లె. చాప, రెండు దుప్పట్లు తెచ్చుకో, ఏసీ బాగా చలి పెడుతుంది. చార్జర్‌కు పొడుగు వైరు తెచ్చుకో. నాయన చెప్పులు నీ సంచిలో పెట్టుకో, రెండో రోజే లేపి నడిపిస్తారు, అప్పుడు వెతుక్కోవద్దు. గురువారం పొద్దున మా అమ్మ మన్యంకొండ గుడికి పోతానంటోంది మీ నాయన పేరు మీద. సాయంత్రం ఒక్క మాట రాయి.